మంత్రిగారూ, చక్రానికి డబ్బిచ్చారు సరే, కాలువ సంగతేంటి?

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారం.

డెహ్రాడూన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ని. మీ ఆఫీసులో తెలుగొచ్చిన వాళ్లు తప్పకుండా ఉంటారు కాబట్టి నాకు చేతనైన భాషలోనే రాస్తున్నాను.

విషయం ఘరాట్‌లు, అంటే ఉత్తరాఖండ్ కొండల్లో వాగు నీళ్లతో తిరిగే పిండిమరలు. చూడని వాళ్ల కోసం చెప్తాను. వాగు నుంచి చిన్న కాలువ తవ్వి (అక్కడ గూల్ అంటారు) నీళ్లని ఏటవాలు చెక్క దోనెలోంచి కిందికి వదులుతారు, ఆ వేగానికి అడుగున ఉన్న చెక్క రెక్కల చక్రం తిరుగుతుంది, దాని నిలువు ఇరుసు నేరుగా పై తిరగలి రాయిని తిప్పుతుంది. గింజలు పోసే బుట్టకి వేలాడదీసిన కర్రముక్క ఒకటి తిరిగే రాయికి టకటకా తగులుతుంటుంది, ఆ అదురుకే గింజలు కొద్దికొద్దిగా రాలతాయి, రాయి ఆగితే గింజలూ ఆగుతాయి. మోటారూ లేదు, స్విచ్చూ లేదు. మెల్లగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, అందుకే రాగులు ఇక్కడే ఆడించుకోవాలంటారు పెద్దవాళ్లు.

లోపం కూడా చెప్పాలి. బల్లపరుపు చెక్క రెక్కలకి కొట్టిన నీళ్లలో చాలా భాగం ఊరికే చిమ్మేసి పోతుంది, రెక్కలు నాని పుచ్చిపోతాయి. గరిటెలా వంపు తిరిగిన ఇనుప రెక్కలు, అడుగున బాల్ బేరింగ్ పెడితే అదే నీటితో దాదాపు రెట్టింపు పిండి వస్తుంది. నేపాల్ వాళ్లయితే ఇరుసు పొడుగు చేసి, బెల్టు తగిలించి వడ్లు కూడా ఆడిస్తున్నారు, నూనె తీస్తున్నారు. ఇందులో పెద్ద సైన్సేం లేదు.

మీ శాఖ కూడా సాయం చేసింది, కాదనను. ఒట్టి మరకి 50 వేలు, 5 కిలోవాట్ల దాకా కరెంటు తీసే దానికి లక్షన్నర ఇచ్చే పథకం నడిపింది. కానీ అదంతా సామానుకే. వానాకాలంలో కొండచరియ విరిగి గూల్ తెగిపోతే ఎవరిస్తారు? బేరింగ్ పోతే కొత్తది ఏ ఊళ్లో దొరుకుతుంది? మర యజమానికి కూలి ముట్టేది చాలాచోట్ల పిండి రూపంలోనే, ఆ పిండి అమ్మి కాలువకి సిమెంటు కొనమంటారా? ఒక సీజన్ మర ఆగిందంటే జనం రోడ్డు పక్క కరెంటు మరకి అలవాటు పడిపోతారు, మళ్లీ వెనక్కి రారు. అప్పుడు మనవాళ్లు వచ్చి రంగులేసి వారసత్వం అని బోర్డు పెడతారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొత్త చక్రాలు తక్కువిచ్చినా ఫర్వాలేదు. ఉన్నవాటి మరమ్మతుకి ఏటా కొంత పక్కన పెట్టండి. ఆ ఊరి కమ్మరికే రెక్కలు చేయడం, బేరింగ్ మార్చడం నేర్పించండి, ఎక్కడో మైదానంలో ఉన్న కాంట్రాక్టర్ ఫోనెత్తేదాకా ఎదురుచూసే బాధ తప్పుతుంది. పైన వాగు నీళ్లు మళ్లించి మంచినీళ్ల పైపులు వేసేటప్పుడు కింద మర ఉందో లేదో ఒకసారి చూడమని సంబంధిత శాఖకి మీరే ఒక మాట చెప్పండి. గూల్ బాగుకి డబ్బు సెప్టెంబరు ఆఖరుకల్లా పంచాయతీకి చేరాలి, మార్చి నెలాఖరు హడావిడిలో కాదు, ఎందుకంటే వానలు తగ్గాక రాగులు ఇంటికొచ్చేసరికి కాలువ పారాలి.

ఇట్లు,
డెహ్రాడూన్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు