ఆయన బతికుండగానే ఆ కాగితం సరిచేద్దాం: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారాలు. మాజీ సైనికుల కాగితాల్లోని పేర్ల తేడాలను వారు బతికి ఉండగానే సరిచేయించే ఏర్పాటు కోరుతూ, జిల్లా సైనిక బోర్డు అధ్యక్షుల హోదాలో ఉన్న మీకు ఈ లేఖ రాస్తున్నాను. కలెక్టరే ఆ బోర్డుకు అధ్యక్షులని, జిల్లా సైనిక సంక్షేమాధికారి దానికి కార్యదర్శి అని మా పల్లెల్లోని మాజీ సైనికుల్లో చాలామందికి తెలియదు. మేం అడగబోయే పని ఆ హోదాలో మీ చేతి మీదుగానే జరగాల్సింది కాబట్టి ముందుగా ఆ మాట ఎత్తాను.

మేం ఎనిమిదిమందిమి. ఇద్దరం పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం. ఒకరు పోస్టాఫీసులో పనిచేసి దిగినవారు, ఒకరు జిరాక్సు అంగడి నడుపుకునే కుర్రవాడు, ఒకామె అంగన్‌వాడీ కార్యకర్త, మిగిలిన ముగ్గురూ వేరుశనగ రైతులు. మాలో ఒక్కరూ మిలిట్రీలో పనిచేసినవారు కారు. బృందానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో ఆరేళ్లుగా మేం చేస్తున్నది ఒకే ఒక్క పని. మిలిట్రీ నుంచి దిగివచ్చినవారి ఇళ్లకు వెళ్లి, డిస్చార్జి బుక్కు, పీపీవో అనే పింఛను మంజూరు ఉత్తర్వు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నాలుగూ మంచం మీద పక్కపక్కన పరిచి, వాటిలో భర్త పేరు, భార్య పేరు, పుట్టిన తేదీలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో అక్షరం అక్షరం చూస్తాం. కలవకపోతే, ఆ ఇంటి పెద్ద బతికి ఉండగానే వాటిని సరిచేయించడానికి వెంటపడతాం.

ఈ పనిలోకి నేను రావడానికి కారణం మా అక్క. మా బావ సైన్యంలోని ఫిరంగి దళమైన ఆర్టిలరీలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి హవల్దారుగా దిగివచ్చారు. ఊళ్లో సేద్యం చేసుకుంటూ, నెలనెలా పింఛను తీసుకుంటూ, ఎవరికీ బాకీ పడకుండా బతికి 2018లో కన్నుమూశారు. కర్మకాండలు అయ్యాక కుటుంబ పింఛను కోసం మా అక్క బ్యాంకుకు వెళ్తే, రికార్డులో ఉన్న భార్య వేరే మనిషి, నువ్వు వేరే మనిషి అన్నారు. ఆ మాట విని ఆమె అక్కడే కూలబడిపోయింది. జరిగిందేమిటంటే, పుట్టింట్లో మా అక్కకు పెట్టిన పేరూ ఆమె అత్తగారి పేరూ ఒకటే. అత్త పేరు పెట్టి కోడలిని కేకేయడం మా వైపు తప్పు కాబట్టి పెళ్లయిన మరుసటి రోజునుంచే ఆమెను మరో పేరుతో పిలిచారు. రేషన్ కార్డులోకీ, ఓటరు జాబితాలోకీ, చివరికి ఆధార్‌లోకీ ఆ పిలుపు పేరే ఎక్కింది. పెళ్లయిందని తన యూనిట్‌కు తెలియజేసేటప్పుడు మా బావ మాత్రం పుట్టింటి పేరు రాశారు. ఆయన రాసింది తప్పు కాదు, ఆమె ఆధార్‌లో ఉన్నదీ తప్పు కాదు. రెండు నిజాల నడుమ మా అక్క పద్నాలుగు నెలలు పింఛను లేకుండా గడిపింది. రెండు పాడి బర్రెలు అమ్మింది, కమ్మలు కుదువ పెట్టింది. నేను నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డుల కార్యాలయానికి ఉత్తరాలు రాస్తూ, అఫిడవిట్లు చేయిస్తూ, ఒక్కో కాగితానికి ఒక్కో కార్యాలయం తిరిగాను. చివరికి పింఛనూ వచ్చింది, బకాయిలూ వచ్చాయి. అయితే మా బావ బతికి ఉన్న రోజుల్లో ఒక దరఖాస్తు మీద ఒక్క సంతకం చేసి ఉంటే ఆ పద్నాలుగు నెలలు ఉండేవి కావు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే మీకు రాసేవాడిని కాను. మన పేర్లు రాసే తీరులోనే ఈ చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు రాయాలా వెనుక రాయాలా, పొడి అక్షరంగా రాయాలా పూర్తిగా రాయాలా అన్నదానికి మన దగ్గర ఒక పద్ధతి లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో భర్తీకి వెళ్లిన పిల్లవాడు తన పేరు చెబితే, తెలుగు రాని గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. ఓబులేసు ఓబ్లేష్ అయ్యాడు, సుంకులమ్మ సుంకమ్మ అయింది, వన్నూరప్ప వానూరప్ప అయ్యాడు. బ్యాంకులు పింఛను ఇచ్చే కాలంలో శాఖలో పనిచేసేవారికి మనిషి ముఖం తెలుసు కాబట్టి బతికున్నంత కాలం ఇవేవీ అడ్డు రాలేదు. 2021 నుంచి రక్షణ శాఖ పింఛన్లను స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మార్చుతూ వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. పింఛను ఎంత, ఎందుకు, ఎక్కడ ఆగింది అన్నది సైనికుడు తన ఫోనులోనే చూసుకోగలగడం చిన్న మేలు కాదు. కాకపోతే యంత్రానికి అక్షరాలు తప్ప ముఖం తెలియదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఆధార్‌తో కలవలేదంటూ అక్కడే ఆగిపోతుంది.

సరిచేసే దారి ఉంది, కానీ చాలా పొడవైనది. సైనికుడి రికార్డు అతని జిల్లాలో ఉండదు, అతని రెజిమెంటు వద్ద ఉంటుంది. ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్, సమాచార విభాగమైన సిగ్నల్స్ వారికి జబల్‌పూర్, మద్రాసు రెజిమెంటు వారికి నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్, సరఫరా విభాగమైన ఏఎస్‌సీ వారికి బెంగళూరు, యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ వారికి సికింద్రాబాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు అక్కడికి చేరితే, వాళ్లు పార్ట్ టూ ఆర్డరు అనే ఉత్తర్వు వెలువరించి రికార్డు మారుస్తారు. ఆ తరువాత ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం నుంచి సవరించిన పీపీవో రావాలి. సైనికుడు బతికి ఉంటే, ఈమె నా భార్య, ఈ రెండు పేర్లూ ఈమెవే అని ఆయనే రాసి సంతకం పెడతాడు. ఆయన పోయాక, తన భర్తకు తాను భార్యనేనని ఆమె నిరూపించుకోవాలి, అదీ చదువు రాని ఆమె, తనకు తెలియని భాషలో, ఎన్నడూ చూడని ఊళ్లకు ఉత్తరాలు రాయించుకుంటూ.

ఆధార్‌లోనే పేరు మార్పించుకుంటే పోతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. మేమూ మొదట్లో ఆ సలహా ఇచ్చి తప్పు చేశాం. ఆధార్ మారితే పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పంట బీమా అన్నీ దానితో తెగిపోతాయి. ఒక చిక్కు విప్పబోయి నాలుగు చిక్కులు వేసినట్టవుతుంది. సరిచేయాల్సింది సైన్యం దగ్గరున్న రికార్డునే అని తెలిసేసరికి మాకు రెండేళ్లు పట్టింది.

కలెక్టర్ గారూ, మేం కోరేది ఇది. ప్రతి మండలంలోనూ నెలకు ఒక రోజును సైనిక కుటుంబాల కాగితాల పరిశీలనకు కేటాయించి, ఆ రోజు ఏ గ్రామ సచివాలయంలో కూర్చోవాలో ముందే చాటింపు వేయించండి. గ్రామ రెవెన్యూ అధికారి, డిజిటల్ అసిస్టెంటు ఆ ఒక్క పూట అక్కడ ఉంటే చాలు, బల్ల దగ్గర కూర్చుని కాగితాలు పోల్చి చూసే పని మేం చేస్తాం. తేడా కనిపించిన చోట, రెండు పేర్లూ ఒకే మనిషివని ధ్రువీకరించే పత్రాన్ని తహశీల్దారు ఇన్ని రోజుల్లోగా ఇవ్వాలని ఒక గడువు పెట్టండి, ఆ పత్రం నమూనా జిల్లా అంతటా ఒకటే ఉండేలా చూడండి. ఇప్పుడు ఒక మండలంలో ఇచ్చే పత్రానికీ పక్క మండలంలో ఇచ్చే పత్రానికీ పోలిక ఉండదు. ఒకచోట అది తమ పనే కాదంటారు, నోటరీ దగ్గరకు పొమ్మంటారు. ప్రతి సోమవారం మీరు కలెక్టరేట్‌లో నిర్వహించే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు మారుమూల పల్లెల నుంచి రెండు బస్సులు మారి వచ్చే వితంతువులను నేను చూశాను. వాళ్ల చేతిలోని అర్జీకి జవాబు అనంతపురంలో దొరకదు. వాళ్లు అక్కడిదాకా రావాల్సిన అవసరమే రాకుండా చేసే చోటు సచివాలయం.

ఆ రోజున మరో రెండు పనులు కూడా కలిసివస్తాయి. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ విషయంలో పెద్దవాళ్లు పడే అవస్థ మీకు తెలియనిది కాదు. నాగలి పట్టి, పార పట్టి అరిగిపోయిన వేళ్ల ముద్రలను యంత్రం గుర్తుపట్టదు. ముఖాన్ని ఫోనుకు చూపించి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలు ఉందని చాలామందికి ఎవరూ చెప్పలేదు. రెండోది, పింఛను లేకుండా దిగివచ్చినవారి సంగతి. హవల్దారు స్థాయి వరకు పనిచేసి, పింఛను లేక, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకూ వారి వితంతువులకూ కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే నెలసరి సాయాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 4,000 రూపాయల నుంచి 8,000 రూపాయలకు పెంచారు. పిల్లల చదువుకిచ్చే సాయం కూడా తలకు నెలకు 1,000 నుంచి 2,000 అయింది. ఇవి అడిగినవారికే అందుతాయి. అడగాలని తెలియని ముసలాయన మా పక్క ఊళ్లోనే ఉపాధి హామీ పనికి వెళ్తున్నాడు.

మమ్మల్ని ఎందుకు నమ్మాలని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. సైనికుల పింఛన్ల చుట్టూ దళారులు తిరుగుతున్నారు. బకాయిలు ఇప్పిస్తామని చెప్పి అందులో వాటా పుచ్చుకునేవారు, పింఛను కార్యాలయం నుంచి మాట్లాడుతున్నామంటూ ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేసేవారు మా పల్లెలకు కొత్త కాదు. అందుకే మేం మొదటినుంచీ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరి ఆధార్ నకలూ మా దగ్గర ఉంచుకోం, ఎవరి ఫోనూ మా చేతిలోకి తీసుకోం, ఓటీపీ వస్తే ఆ మనిషే టైపు చేయాలి. చేతకాకపోతే ఆ ఇంటి పిల్లలను పిలుస్తాం. భోజనం పెడితే తింటాం, డబ్బు మాత్రం ముట్టం. ఈ కట్టుబాట్లను మీ కార్యాలయం ఇంకా బిగించి, రాతపూర్వకంగా మా చేత సంతకాలు పెట్టించుకుంటే సంతోషిస్తాం. జిల్లా సైనిక బోర్డులో అనధికార సభ్యులకు చోటు ఉంది. మాకు సభ్యత్వం అక్కర్లేదు, సమావేశం జరిగేటప్పుడు మేం చూసిన సంగతులు చెప్పడానికి పది నిమిషాలు ఇస్తే చాలు.

ఇప్పటికీ సరిహద్దుల్లో ఉన్న పిల్లల గురించి ఒక మాట చెప్పాలి. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు వారికి ఉన్నా, ఊళ్లో సర్వే బృందం వచ్చిన రోజునే వాళ్లు ఊళ్లో ఉండలేరు. గట్టు జరిగిందనో, హద్దు రాయి మారిందనో తండ్రి ఫోను చేస్తే అంత దూరంలో ఉన్న కొడుకు ఏం చేయగలడు? 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం, ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడు కోర్టుకు రాలేనప్పుడు ఆ సంగతిని కోర్టుకు తెలియజేసే అధికారాన్ని కలెక్టరుకు ఇచ్చింది. ఆ చట్టం పేరు విన్న కుటుంబం మాకు ఇంతవరకు ఎదురుపడలేదు. పరిశీలన రోజున ఇలాంటి అర్జీలను కూడా తీసుకుని నేరుగా మీకు పంపే ఏర్పాటు చేయాలని మనవి.

నాలుగేళ్ల కోసం సైన్యంలో చేర్చుకున్న అగ్నివీరుల తొలి విడతకు ఆ నాలుగేళ్లు 2026 చివరికీ 2027 ఆరంభానికీ నిండుతాయి. వారిలో నాలుగో వంతుకు మించి సైన్యంలో కొనసాగరు. తిరిగివచ్చేవారికి పింఛను ఉండదు, మాజీ సైనికుల హోదా కూడా ఉండదు కాబట్టి సంక్షేమ కార్యాలయం తలుపు వారికి తెరుచుకుంటుందో లేదో వారికే తెలియదు. ఆ విధానం మంచిచెడ్డలు తేల్చడం మా పని కాదు, మీ పరిధీ కాదు. అయితే ఇరవై రెండేళ్లకో ఇరవై మూడేళ్లకో ఊరికి తిరిగివచ్చే ఆ పిల్లల జాబితా మండలాలవారీగా సిద్ధం చేయించడం, దిగేటప్పుడు వారికి ఒకేసారి ఇచ్చే సేవా నిధి సొమ్ము చేతికి రాగానే దళారుల పాలు కాకుండా చూడటం, పోలీసు ఉద్యోగాలకూ ఐటీఐలకూ దారి చూపించడం మీరు తలచుకుంటే జరిగే పనులే.

2025 మే 9న సరిహద్దులో ప్రాణం విడిచిన అగ్నివీరుడు గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, నిన్నమొన్నటిదాకా అది మన అనంతపురమే. ఆ బిడ్డను చూడటానికి జనం పోటెత్తారు. మా బృందంలోని అంగన్‌వాడీ కార్యకర్త కూడా వెళ్లి వచ్చింది. వచ్చాక ఆమె అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. రేపు ఇలాగే మన పల్లెలో ఎవరికైనా జరిగితే, ఆ అమ్మ పేరు ఆ రికార్డుల్లో సరిగ్గానే ఉంటుందా సార్ అని అడిగింది. జవాబు చెప్పలేక, ఆ వారమే సెలవుపై వచ్చిన ఇద్దరు జవాన్ల ఇళ్లకు వెళ్లి కాగితాలు చూశాం. ఒకరి తల్లి పేరులో తేడా ఉంది.

సాయుధ దళాల పతాక దినం డిసెంబరు 7న వస్తుంది. 1949 నుంచి ఏటా ఆ రోజున జిల్లా ప్రజలు విరాళాలు ఇస్తూనే ఉన్నారు. ఈసారి ఆ రోజుకు కనీసం రెండు మండలాల్లోనైనా, కళ్యాణదుర్గంలోనూ రాయదుర్గంలోనూ, మొదటి పరిశీలన రోజు జరిగేలా ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. జిరాక్సు యంత్రం మా కుర్రవాడు తెస్తాడు. బల్లలు, కుర్చీలు, మంచినీళ్లు మేం చూసుకుంటాం. తేదీ మీరు చెప్పండి.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా