సుబ్బికి ఒక గది కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుకునే మనిషిని. పగలు జాకెట్లు కుడతాను, సాయంత్రం నాటకం రిహార్సల్‌కి పోతాను. మా బృందం ఆడే కన్యాశుల్కంలో మధురవాణి వేషం నాదే, అందరి డ్రెస్సులు కుట్టేదీ నేనే. మేము నాటకం ఆడే హాలులో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది, బాత్రూం బాగుచేయమని ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాం. నాలుగోదానికి మొన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో చూద్దామని షాపు మూసేసి ఆటో ఎక్కి హాలుకి పోయాను. గది పోయినసారి ఎట్లుందో అట్లే ఉంది. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేచోట రాస్తున్నా.

ఆ హాలు పేరు ఇక్కడ రాయడం లేదు, అర్జీల్లో ఉంది. ఏ ఉద్యోగినీ రచ్చకీడ్చాలని నాకు లేదు.

మేము ఆడేది కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకాన్ని ఈ కాలం బట్టల్లో, రెండు గంటలకు కుదించి ఆడుతున్నాం. గురజాడ వారి మాట మార్చలేదు, తగ్గించుకున్నామంతే. రామప్పంతులు చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు పట్టుపంచె బదులు తెల్ల చొక్కా ప్యాంటు వేసుకుంటాడు. మేము చేసిన అసలు మార్పు సుబ్బి విషయంలో. నాటకమంతా సుబ్బి బేరం గురించే కదండీ. పద్దెనిమిది వందలకు ఆ పిల్లను ముసలాయనకు కట్టబెట్టడానికి తండ్రి ఒప్పుకుంటాడు, ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ నానా తంటాలు పడతాడు. ఇంత జరిగినా సుబ్బి ఏమంటుందో మనకు గుర్తుండదు. ఆ పిల్ల నోట చెప్పుకోదగ్గ మాట లేదు. అందుకని మా డైరెక్టరు సుబ్బిని ఎనిమిదో తరగతి పిల్లను చేసి, యూనిఫాంలో, స్కూల్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని, స్టేజీకి ఎడమ పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా పిల్ల అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లు బేరం ఆడుతుంటారు, ఆ పిల్ల లెక్కల నోట్సు రాసుకుంటూ ఉంటుంది.

ఉదయగిరి వైపు ఒక ఊళ్లో ఆడినప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచి నిలబడి, "ఏందమ్మా, ఆ బిడ్డను ఒక్కరూ అడగరా?" అని గట్టిగా అడిగింది. వేషంలో ఉన్న నేను ఆ మాటతో డైలాగ్ మర్చిపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఈ నాటకం మా ఊళ్లకు ఎంత అవసరమో నాకు అప్పుడే తెలిసింది.

బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. ఆడపిల్లకు 18 నిండాలి. అంగన్‌వాడీ గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు రాసే ఉంటుంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. గురజాడ వారు తన పీఠికలో విశాఖ జిల్లా లెక్క రాశారు. మూడేళ్లలో శుల్కం, అంటే పిల్లనిచ్చినందుకు డబ్బు, పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ రోజుల్లో శుల్కం తీసుకుని ఇచ్చేవాళ్లు, ఇప్పుడు కట్నం పోసి పంపుతున్నారు. డబ్బు ఎదురు దిక్కుకు తిరిగింది, బెంచీ మీద పిల్ల అదే. తొమ్మిదో తరగతిలో ఉండాల్సిన పిల్లకు పెళ్లి జాకెట్ కొలతలు తీసిన చేతులండీ ఇవి. అప్పుడు నాకు నోరు రాలేదు. ఆ బాధతోనే నాటకంలో చేరాను.

ఇక అసలు కష్టం చెప్తాను.

హాలులో గ్రీన్ రూం, అంటే వేషం వేసుకునే గది, ఒకటే ఉంది. ఆడవేషాలు మగవాళ్లే వేసిన రోజుల లెక్కతో కట్టినట్టుంది. స్థానం నరసింహారావు గారు మధురవాణి వేసిన కాలానికి ఆ ఒక్క గది సరిపోయి ఉండొచ్చు. ఇప్పుడు మా బృందంలో ఆడవాళ్లం ఆరుగురం, చిన్నపిల్ల ఒకతె. గది తలుపుకి గడియ లేదు. ఉన్న గడియ ఊడిపోయి, ఆ బెజ్జాల్లో ఎవరో కాగితం కుక్కారు. కిటికీకి అద్దం లేదు. పక్కన బాత్రూం ఉంది, తాళం వేసి ఉంటుంది. తాళం తీయించి చూస్తే లోపల విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీలు కప్పు దాకా ఉన్నాయి. కుళాయి తిప్పితే నీళ్లు రావు.

మేము బట్టలు మార్చుకోవాలంటే ఇద్దరు చీర పట్టుకుని నిలబడాలి. ఒకరు తలుపుకి వీపు ఆనించి ఉండాలి. పోయిన ప్రదర్శన రోజు మీనాక్షి వేసే అమ్మాయి చీర మార్చుకుంటుంటే మైక్ సెట్ కుర్రాడు వైరు కోసమని తలుపు తోసుకుని వచ్చేశాడు. తలుపుకి ఆనుకున్న నేను ముందుకు పడ్డాను. అతని తప్పు లేదు, అది గదని ఎట్లా తెలుస్తుంది? ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. తర్వాత సీనులో ఏడవాల్సిన చోట నిజంగానే ఏడ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ రోజు సుబ్బి వేసే పిల్ల సంగతి అంతకన్నా అన్యాయం. సాయంత్రం ఆరున్నరకు నాటకం, మూడింటికల్లా హాలుకొచ్చాం. ఎండ మండిపోతోంది. పిల్ల పెదాలు ఎండిపోయి కనిపిస్తే మంచినీళ్ల బాటిల్ ఇచ్చాను. తీసుకుని మూత తిప్పి, మళ్లీ మూత పెట్టి నా చేతికిచ్చేసింది. ఏమ్మా అంటే, "నీళ్లు తాగితే బాత్రూంకి పోవాలి గదా పెద్దమ్మా" అంది. రెండు గంటలు కదలకుండా బెంచీ మీద కూర్చోవాల్సిన పిల్లండీ. తెర పడగానే చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి ఎదురింటికి పరిగెత్తింది. ఆ ఇంటావిడ పుణ్యాన గేటు తీసింది. ఆ టైముకు రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో నాకు తెలుసు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ వస్తుంది.

మర్నాడు వాళ్లమ్మ షాపుకొచ్చింది. నాతో గొడవ పడలేదు. "అక్కా, నాటకం మంచిదే, నా బిడ్డ వేస్తానంటే నాకూ సంతోషమే. ఆడపిల్లను గడియ లేని గదిలోకి ఎట్లా పంపేది?" అంది. ఆమెకు ఏం సమాధానం చెప్పాలి మంత్రి గారూ? మీరే చెప్పండి.

మొదటి అర్జీకి, గ్రీన్ రూం మరియు మరుగుదొడ్డి ఉన్నవి అని జవాబొచ్చింది. ఉన్నాయి, కాదనలేదు. రెండోదానికి ఎస్టిమేట్ వేస్తామన్నారు, ఒకాయన టేపు తెచ్చి కొలుచుకుని పోయారు. మూడోసారి పోతే ఆ హాలు మా పరిధిలోది కాదు, వేరే ఆఫీసుకు పొమ్మన్నారు. ఆ ఆఫీసులో మళ్లీ మొదటి ఆఫీసు పేరు చెప్పారు. సోమవారం సోమవారం షాపు మూసుకుని లైన్లో నిలబడ్డాను. పెళ్లిళ్ల సీజన్‌లో సోమవారం షాపు మూస్తే ఎంత నష్టమో ఏ టైలర్‌నైనా అడగండి. నాలుగోసారి ఆ మెసేజ్. ఎవరూ వచ్చి చూడకుండా పరిష్కరించబడింది అని ఎట్లా రాస్తారండీ? అది చదివినప్పుడు నాకు కోపం కన్నా అవమానం ఎక్కువ అనిపించింది.

బాల్యవివాహాల మీద అవగాహన సభ పెట్టినప్పుడు ఇదే నాటకాన్ని పెద్ద ఆఫీసర్లు మెచ్చుకున్నారు. మెట్ట మండలాలన్నింటిలో ఆడండి, వెహికల్ ఇస్తాం, భోజనాలు చూసుకుంటాం అన్నారు. శాలువాలు కప్పారు. వెహికల్ రాలేదు, మేమే చందాలేసుకుని రెండు ఊళ్లకు పోయాం. శాలువాలు అయిదున్నాయి. అందులో రెండు కలిపి కుట్టి గ్రీన్ రూం కిటికీకి కర్టెన్ వేశాను. గౌరవాన్ని తక్కువ చేయాలని కాదండీ, కిటికీ కొలతకు సరిపోయిన గుడ్డ నా దగ్గర అదే ఉంది.

ఈ జిల్లాకు నాటకం, పాట, పాఠం ఏం చేయగలవో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు, అంటే పాటలు నాటికలు వేసే బృందాలు, ఊరూరా తిరిగాయి. రాత్రి బడిలో సారా మీద పోరాడిన సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు లేచి సారా కొట్టు మూయించారు. మన దూబగుంటలో మొదలైంది, ముందు నిలబడ్డ రోసమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అప్పుడు మా అమ్మ కూడా లాంతరు పట్టుకుని రాత్రి బడికి పోయేది. పక్కన ఒంగోలులో చిన్నప్పుడు ఆడవేషాలు వేసిన పిల్లవాడే తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. అలాంటి నేల మీద నాటకం వేసే ఆడపిల్లకు నీళ్లొచ్చే బాత్రూం లేదంటే మనసు ఒప్పుకోవడం లేదు.

కొత్త ఆడిటోరియం అడగడం లేదు, ఏసీ అడగడం లేదు. తలుపుకి గడియ, కిటికీకి అద్దం, బాత్రూంలో నీళ్లు, ఆడవాళ్లకు వేరే గది. వేరే గది వెంటనే కుదరదంటే ఉన్నదానికి మధ్యలో అడ్డుగోడ కట్టించండి. హాలు ఎవరి పరిధిలోదో తేల్చి ఒకరికి అప్పజెప్పండి. మెట్ట మండలాలకు ఇస్తామన్న వెహికల్ సంగతి కూడా ఒకసారి కనుక్కోండి. ముందు మాత్రం ఆ గడియ పెట్టించండి సార్, దయచేసి. గడియ నేనే కొని పెట్టేదాన్ని. అడిగితే ప్రభుత్వ ఆస్తి, ముట్టుకోవద్దన్నారు.

ఇప్పుడు రిహార్సల్‌లో బెంచీ మీద స్కూల్ బ్యాగ్ ఒక్కటే పెడుతున్నాం. వేరే పిల్లను వెతుకుదామని డైరెక్టరు అన్నాడు, నేనే వద్దన్నాను. ఏ పిల్లనని అదే గదిలోకి తీసుకుపోయేది? ఈ పిల్ల మాత్రం బడి నుంచి ఇంటికి పోతూ షాపు ముందు ఆగి, "గడియ పెట్టారా పెద్దమ్మా?" అని అడుగుతోంది.

సంక్రాంతి తర్వాత మళ్లీ ఆడాలనుకుంటున్నాం. ఆ లోపల మీ తరఫున ఒక మనిషిని పంపి ఆ గది చూడమనండి. కుదిరితే ఒక ఆడ ఆఫీసర్ని పంపండి. నాలుగో అర్జీ కాగితం మీదే నా ఫోన్ నంబరుంది, ఒక గంట ముందు చెప్తే షాపు మూసి వస్తాను. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మధురవాణి వేషం వేసే ఒక టైలర్,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా