ఉగాండా గ్రామ సువార్త యాత్ర: జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, కానుకలిచ్చిన వారందరికీ మిషన్ కమిటీ అప్పజెబుతున్న లెక్క ఇది. ఈ ఫిబ్రవరి 3 నుంచి 16 వరకు మన సంఘం తరఫున ఆరుగురు తూర్పు ఉగాండాలోని టెసో ప్రాంతానికి, సోరోటి, కూమి పట్టణాల చుట్టుపక్కల గ్రామాలకు వెళ్ళివచ్చారు. అంకెల్లోకి వెళ్ళేముందు ఒప్పుకోవలసింది ఒకటుంది. "ప్రయాణం ఖర్చు వెళ్ళేవాళ్ళదే, కానుకలన్నీ గ్రామాలకే" అని నవంబరులో ఆరాధన తర్వాత ప్రకటించాం. అలా జరగలేదు. కానుకల్లోంచి 1,10,796 రూపాయలు ప్రయాణపు ఖర్చుల్లో కలిసిపోయాయి.

జమ

వెళ్ళిన ఆరుగురి సొంత వాటా, 95,000 చొప్పున: 5,70,000
నాలుగు ఆదివారాల ప్రత్యేక కానుకలు: 1,18,450
విడిగా ఇచ్చిన కానుకలు, 43 మంది: 2,06,000
స్త్రీల సమాజం పచ్చళ్ళ అమ్మకం, సరుకుల ఖర్చు పోను: 38,600
గల్ఫ్‌లో ఉన్న మన సభ్యులు, అక్కడి బోరింగుల (చేతి పంపుల) కోసమని: 72,000
బ్యాంకు వడ్డీ: 1,310
మొత్తం: 10,06,360 రూపాయలు

విడి కానుకల కింద వాగ్దానం చేసిన మొత్తం 2,31,000. చేతికి రావలసిన 25,000 ఇందులో కలపలేదు. వచ్చిందే జమ, వస్తుందన్నది జమ కాదు.

గల్ఫ్ సభ్యుల డబ్బు గురించి కొందరు అడిగారు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి మన సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. అయితే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు విదేశంలో సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అందుకే పంపిన ప్రతివారి పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక బంధువు ప్రేమతో పంపిన 20,000 వెనక్కి పంపేశాం. ఆయన నొచ్చుకున్నారు, కానీ పౌరసత్వం మారితే అదే డబ్బు విదేశీ విరాళమవుతుంది.

ఖర్చు, రూపాయల్లో

విమాన టికెట్లు, 62,400 చొప్పున ఆరు: 3,74,400
వీసాలు, 4,590 చొప్పున: 27,540
ఎల్లో ఫీవర్ టీకాలు, అందుకోసం హైదరాబాద్ రైలు ఖర్చు: 5,700
మలేరియా మాత్రలు, దోమల మందు, ఓఆర్ఎస్, కట్టు సామాను: 5,350
ప్రయాణ బీమా, 1,450 చొప్పున: 8,700
చదువు కళ్ళద్దాలు, 240 జతలు: 15,600
బోరింగు కప్పు వాషర్లు, 24: 1,440
అదనపు లగేజీ: 11,200
శంషాబాద్‌కు వ్యాను, రానూపోనూ: 14,500
విదేశీ మారకం, 5,100 డాలర్లు 88.60 చొప్పున: 4,51,860
మారకం మీద జీఎస్టీ, 136 చొప్పున: 816
రసీదు పుస్తకాలు, ముద్రణ: 4,180
మొత్తం: 9,21,286 రూపాయలు

మిగిలిన 200 డాలర్లు తిరిగొచ్చాక 86.50 చొప్పున మార్చగా 17,300 వచ్చింది. తీసుకున్న మారకంలో మిగిలిన నోట్లు 2,000 డాలర్లు దాటితే 180 రోజుల్లోపు అప్పగించాలి, అంతలోపైతే ఉంచుకోవచ్చు. ఆ 17,300 కలుపుకుంటే నిల్వ 1,02,374 రూపాయలు. అందులో బ్యాంకులో 1,01,624, కోశాధికారి దగ్గర నగదు 750.

బ్యాంకు స్టేట్‌మెంటు చూసినవాళ్ళకు టికెట్లన్నీ కానుకల డబ్బుతోనే కొన్నట్టు కనిపిస్తుంది. దానికి కారణముంది. పన్ను మినహాయింపు ఉన్న సొసైటీ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే, ముందస్తు అనుమతి లేనిపక్షంలో ఆ మేరకు మినహాయింపు పోతుంది. డాలర్లు కొనడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే ఎల్ఆర్ఎస్ వెసులుబాటు కూడా వ్యక్తులకే గాని సొసైటీలకు లేదు. ఆడిటర్ సలహా మీద, ఆరుగురూ తమ 95,000లోంచే తలా 850 డాలర్లు సొంత ఖాతాల నుంచి కొన్నారు. జీఎస్టీతో కలిపి 75,446 అందుకు పోగా మిగిలిన 19,554 కమిటీ ఖాతాలో వేశారు. టికెట్లు, బీమా లాంటి ఇక్కడి బిల్లులు కమిటీ ఖాతా కట్టింది. సొసైటీ ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా సరిహద్దు దాటలేదు. ఎవరి వాటా ఎంత అన్న లెక్క మొత్తాన్ని కలిపి చూస్తేనే తేలుతుంది.

ఆరోగ్యం ఖర్చు చిన్నదే అయినా ఆలస్యమైతే ప్రయాణం ఆగిపోయేది అక్కడే. ఎల్లో ఫీవర్ కార్డు లేకుండా ఉగాండాలోకి రానివ్వరు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ఒక్కో సీసాలో పలువురికి సరిపడా మందు ఉంటుంది కాబట్టి నిర్ణీత రోజుల్లోనే వేస్తారు, ముందే కనుక్కుని వెళ్ళాలి. 60 ఏళ్ళు దాటినవాళ్ళు, కోడిగుడ్డు పడనివాళ్ళు డాక్టరుకు చెప్పకుండా వేయించుకోకూడదు. మలేరియాకు అక్కడ క్లోరోక్విన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, బయలుదేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. అంటే మనిషికి 44, ఆరుగురికి 264 గుళికలు. తిన్న తర్వాత గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, మింగిన వెంటనే పడుకుంటే గొంతులో పుండు పడుతుంది. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో ఆపేయడమే అందరూ చేసే తప్పు.

వైద్య శిబిరం ఎందుకు పెట్టలేదని స్త్రీల సమాజం అడిగింది. బయటి డాక్టర్లు అక్కడ రోగిని ముట్టుకోవాలంటే ఆ దేశపు వైద్య మండలిలో తాత్కాలిక నమోదు ఉండాలి, మందులు తీసుకెళ్ళాలంటే ఔషధ సంస్థ అనుమతి ఉండాలి. రెండూ లేకుండా సంచుల్లో మాత్రలు పట్టుకెళ్ళడం సేవ కిందికి రాదు. దాని బదులు దగ్గర చూపు అద్దాలు తీసుకెళ్ళాం. 40 దాటినవాళ్ళకు బైబిలు, రసీదు, సూది బెజ్జం కనబడాలంటే చాలావరకు అవే చాలు. మూరెడు దూరంలో అక్షరాల అట్ట పట్టుకుని చదివించి ఇవ్వాలి, వయసు చూసి ఊహించి ఇవ్వకూడదు. ప్లస్ 2.00, 2.50 మూడో రోజుకే అయిపోయాయి. ప్లస్ 1.00 వి మాత్రం 31 మిగిలిపోయాయి. వచ్చేసారి ఆ పవరు జతలు సగానికి తగ్గించాలి.

అదనపు లగేజీ 11,200 పూర్తిగా వృథా. సంఘంలో పోగైన పాత బట్టలు 28 కిలోలు, కిలోకి 400 చొప్పున కట్టాం. పాత బట్టలను అక్కడ మివుంబా అంటారు. ప్రతి సంతలోనూ అవి గుట్టలుగా పోసి అమ్ముతారు. మన లగేజీ చార్జీతో అక్కడ అంతకు రెట్టింపు బట్టలు వచ్చేవి. అసలు అవి కావాలని అక్కడ ఎవరూ అడగలేదు.

ఖర్చు, ఉగాండా షిల్లింగుల్లో

100 డాలర్ల నోట్లు 4,800 డాలర్ల మేరకు 3,550 షిల్లింగుల చొప్పున మారాయి. 10, 20 నోట్లు 300 డాలర్ల మేరకు ఉంటే వాటికి 3,400 మాత్రమే ఇచ్చారు. చిన్న నోట్ల వల్ల 45,000 షిల్లింగులు పోయాయి. గీత పడినా, చిరిగినా, పాత ముద్రణదైనా నోటు అసలు తీసుకోరు. ఇక్కడ కొనేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో చూసుకోవాలి. చేతికొచ్చింది 1,80,60,000 షిల్లింగులు.

డ్రైవరుతో వ్యాను 12 రోజులకు 30,00,000. డీజిలు 11,80,000. కంపాలలో రెండు రాత్రులకు మూడు గదులు 7,20,000, సోరోటిలో తొమ్మిది రాత్రులకు 16,20,000. భోజనాలు ఆరుగురికీ, డ్రైవరుకూ, ఇద్దరు అనువాదకులకూ కలిపి 21,60,000. అక్కడి అటాప్ రాగిపిండి, కర్రపెండలం పిండి కలిపి కెలికిన ముద్ద. మన రాగిసంకటికి దగ్గర చుట్టం కాబట్టి హోటలు అన్నం కోసం వెతకలేదు, లేకపోతే ఈ పద్దు ఇంకా పెరిగేది. ఎంటెబ్బె రహదారి టోలు, సిమ్ములు, మొబైల్ మనీ చార్జీలు 1,60,000. బోడాబోడా (అద్దె మోటారు సైకిలు) బళ్ళకు, సంతలో కొన్నవాటికి బిల్లులుండవు. అలాంటివి 2,12,000. తీసుకున్నవారి సంతకంతో వోచర్లు రాశాం.

అనువాదకులకు పది రోజులకు 6,00,000. అటెసో భాష బైబిళ్ళు 60, ఒక్కోటి 35,000 చొప్పున 21,00,000. గ్రామ సంఘాల పెద్దలకు మూడు రోజుల శిక్షణలో మధ్యాహ్న భోజనం 14,40,000. వచ్చినవాళ్ళకు దారి ఖర్చు 15,000 చొప్పున 9,00,000. ఈ చివరి పద్దు చూసి "వినడానికి వచ్చినవాళ్ళకు డబ్బులిస్తారా" అని ఒకరు అడిగారు. ట్రాన్స్‌పోర్ట్ రీఫండ్ అక్కడి ఆనవాయితీ. 20, 30 కిలోమీటర్లు బండి కట్టించుకుని వచ్చే రైతు ఒక రోజు కూలీ వదులుకుంటాడు. కాకపోతే ఎంత ఇస్తారో ముందే చెప్పాలి, మూడో రోజు సాయంత్రమే ఇవ్వాలి, పేరు రాసి సంతకం పెట్టించాలి. మొదటి రోజే పంచితే రెండో రోజు సగం కుర్చీలు ఖాళీ.

బోరింగులు రెండు బాగుచేయడానికి, కలిపి 32,20,000. వీటి గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మనవాళ్ళకు తెలిసిన యంత్రమే. 1970ల్లో మన దేశంలో రూపుదిద్దుకున్న ఇండియా మార్క్ 2 చేతి పంపే అక్కడ యూ2 పేరుతో నడుస్తోంది. సిలిండరు 63.5 మిల్లీమీటర్లు, మూడేసి మీటర్ల గొట్టాలు, 12 మిల్లీమీటర్ల కడ్డీలు, అన్నీ అవే. అందుకే కప్పు వాషర్లు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళగలిగాం.

మొదటి బోరింగు పొద్దున్నే యాభై అరవైసార్లు కొడితేగాని నీళ్ళు పోయడం లేదు. రాత్రి నిలిచిన నీరు కిందికి జారిపోతోందంటే అడుగు వాల్వు రబ్బరు అరిగినట్టు. హ్యాండిలు పక్కలకు ఊగుతోందంటే బేరింగులు పోయినట్టు. వాషర్లు, బేరింగులు, గొలుసు మార్చి, మెకానిక్ కూలితో కలిపి 4,20,000 అయింది.

రెండోది పొద్దున్నే ఎర్ర నీళ్ళు పోస్తోంది. గొట్టాలు పైకి తీస్తే 12లో ఏడింటికి బిగించే మర చుట్ల దగ్గర చిల్లులు. నీటిలో పులుపు ఎక్కువైతే జింకు పూత కరిగి ఇనుము తుప్పు పడుతుంది. అవే గొట్టాలు ఏడు కొత్తవి వేస్తే చవకలో తేలేది, కానీ కొన్నేళ్ళకు మళ్ళీ అదే కథ. ఏడు మాత్రం స్టెయిన్‌లెస్‌వి వేసి ఐదు పాతవి ఉంచితే ఇంకా చెడు, రెండు లోహాలు కలిసిన చోట పాతవాటిని తుప్పు త్వరగా తినేస్తుంది. అందుకని 12 గొట్టాలూ స్టెయిన్‌లెస్ వేయించాం: 2,10,000 చొప్పున 25,20,000. కడ్డీలు నాలుగు 1,80,000. మెకానిక్, ముగ్గురు సహాయకులు 3,00,000. మొత్తం 30,00,000లో ఊరి నీటి కమిటీ 2,00,000 కట్టింది, మనది 28,00,000. గొట్టాలు తీసేటప్పుడు బిగించే పట్టు జారితే మొత్తం బోరులోకి పడి బోరే పోతుంది. అందుకే పరికరాలు లేని మెకానిక్‌ను తక్కువ కూలికి మాట్లాడలేదు. పని అయ్యాక బ్లీచింగు పొడి కలిపి ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా కొట్టించి అప్పగించారు. చెల్లింపు మొబైల్ మనీలో జరిగింది, ఆ మెసేజీలే రసీదులు. గల్ఫ్ సభ్యుల 72,000కు గాను బోరింగుల మీద పడ్డ ఖర్చు సుమారు 80,360 రూపాయలు.

షిల్లింగుల ఖర్చు మొత్తం 1,73,12,000. మిగిలిన 7,48,000లో 7,20,000 పెట్టి 200 డాలర్లు తిరిగి కొన్నాం. 28,000 డ్రైవరుకు ఇచ్చాం.

తేలిన లెక్క

తిరిగొచ్చింది పోను అసలు ఖర్చు 9,03,986. బైబిళ్ళు, శిక్షణ, అనువాదకులు, బోరింగులు, కళ్ళద్దాలు కలిపి గ్రామాలకు చేరింది 2,23,190. రూపాయిలో పావలా. మిగతా ముప్పావలా, అంటే 6,80,796, ఆరుగురు వెళ్ళి ఉండి రావడానికే. అందులో వారి వాటా 5,70,000 పోగా తక్కువపడ్డ 1,10,796 కానుకల్లోంచి పోయింది. టికెట్టు 54,000 అనుకున్నాం. ఒక పాస్‌పోర్టు రెన్యువల్ కోసం ఆగడంతో ధర పెరిగి 50,400 అదనమైంది. బట్టల లగేజీ 11,200. డీజిలును మేం అసలు అంచనాలో వేయనే లేదు. అది సోరోటి దాకా దూరం తెలిసీ చేసిన పొరపాటు.

దీని మీద కమిటీలో రెండు మాటలున్నాయి. వెళ్ళిన ఆరుగురూ తలా 18,466 తిరిగి కట్టాలన్నది ఒకటి. అందుకు నలుగురు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఆలస్యం కమిటీది, వాళ్ళది కాదు కాబట్టి సంఘం మాఫీ చేయాలన్నది రెండోది. కమిటీ తానుగా తేల్చలేదు. నిల్వ 1,02,374ను కూడా సర్వసభ్య సమావేశం తీర్మానించేదాకా ముట్టుకోం.

వోచర్లు, మొబైల్ మనీ మెసేజీల నకళ్ళు, శిక్షణ హాజరు పట్టీ, బ్యాంకు స్టేట్‌మెంటు వచ్చే మూడు ఆదివారాలు ఆరాధన తర్వాత కోశాధికారి బల్ల మీద ఉంటాయి. అభ్యంతరాలు కాగితం మీద రాసి సంతకంతో ఇవ్వండి, వాటిని చదివి వినిపించాకే లెక్క ఆమోదానికి పెడతాం.

మిషన్ కమిటీ