స్టూల్ ఎక్కను గానీ చీపురు మాత్రం ఇవ్వను

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు అరిచిన అరుపులకి నాకు నోరు పెగల్లేదు. నీతో ఫోన్లో వాదించడం నావల్ల కాదు, నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అనేస్తావ్, అచ్చం మీ అమ్మ పోలికే. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. పెద్దగా ఉంటుంది, తీరిక చూసుకుని చదువు.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తా, మీ అమ్మ నీకు చెప్పింది సగమే. హాల్లో కిటికీ పైన మూలకి బూజు పట్టింది. బూజు కర్ర ఉంది కానీ అందలేదు, సరే అని స్టూల్ వేసుకుని ఎక్కా. మెడ పైకెత్తి ఒక రెండు నిమిషాలు దులిపి ఉంటానేమో, దిగుదామని కిందకి చూసేసరికి గది మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయినట్టయింది. పడలేదు, కిటికీ ఊచ చేతికి దొరికింది. స్టూల్ మాత్రం పడింది, నేను ఒక కాలు కిటికీ గట్టు మీద ఒక కాలు గాల్లో పెట్టుకుని వేలాడుతున్నా, ఆ చప్పుడుకి మీ అమ్మ ఆ ఆపరేషన్ మోకాలేసుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాకు అప్పుడే భయమేసింది. నేను పడ్డా సరే గానీ నన్ను పట్టుకోబోయి తను పడితే?

దానికి నువ్వన్నావ్, ఇంక ఇంట్లో ఒక్క పని ముట్టుకోవద్దు, రోజంతా ఉండే మనిషిని పెడతా, లేదంటే ఇల్లు తాళమేసి నా దగ్గరికొచ్చేయండి అని. నీ భయం నాకు అర్థమైంది. స్టూల్ సంగతిలో తప్పు నాదే, ఒప్పేసుకుంటున్నా. ఆ రోజు రాత్రి నిద్ర పట్టక ఫోన్లో చదివా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారంట, యాక్సిడెంట్లలాంటి చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో స్థానం దీనిదేనంట, అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్ళే. నేను ఇన్నాళ్ళూ బీపీ, షుగర్ గురించి భయపడ్డా గానీ ఇంట్లో ఉన్న స్టూల్ గురించి ఎప్పుడైనా భయపడ్డానా? ఆ స్టూల్‌ని ఇప్పుడు పూలకుండీ కింద పెట్టేశాం. ఎక్కాలన్నా ముందు కుండీ దించాలి, అది నాకు లేవదు, కాబట్టి నిశ్చింతగా ఉండు.

అయితే నువ్వు చెప్పిన రెండో మాట మాత్రం ఒప్పుకోను. అన్ని పనులూ మాన్పించేస్తానంటున్నావ్ చూడు, అది.

ఎందుకో చెప్తా విను. 30 దాటినప్పటి నుంచీ మనిషికి పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతూ వస్తుందంట, 60 దాటాక ఇంకా స్పీడుగా. వాడని కాలు వాడని తాళంలాంటిది, తుప్పు పట్టేస్తుంది. మీ అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఫిజియోథెరపీకి వచ్చినాయన కూడా కూర్చోబెట్టకండి, నడిపించండి, చిన్న చిన్న పనులు చెయ్యనివ్వండి అనే కదా మొత్తుకున్నాడు. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులైనా ఒళ్ళు తూలకుండా నిలబడే వ్యాయామం, కండకి పని చెప్పే వ్యాయామం చెయ్యాలని అదే ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, ఇంటి పని కూడా కదలిక కిందకే వస్తుందని కూడా చెప్పింది. నేను జిమ్‌కి వెళ్తానా చెప్పు. ఊడవడం, బట్టలు ఆరెయ్యడం, గిన్నెలు సర్దడం, నా జిమ్ము ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది, రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. నలభై ఏళ్ళు నేను ఈ ఇల్లు దానంతట అదే శుభ్రంగా ఉంటుందనుకున్నా. నిజంగా అంతే. పొద్దున లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండేది, బీరువా తీస్తే బట్టలు మడతలు పెట్టి ఉండేవి, బాత్రూంలో సబ్బు అయిపోయేసరికి కొత్తది అక్కడ ఉండేది, నేనెప్పుడూ ఇది ఎవరు పెట్టారు అని కూడా అనుకోలేదు. పోయినేడు మీ అమ్మ ఆపరేషనై మంచం మీద ఉన్న ఆ రెండు నెలలు ఇల్లు నా చేతిలో పడింది, మొదటి వారంలోనే నా నడుం పోయింది. 67 ఏళ్ళప్పుడు మొదటిసారి దిండుకి గలీబు తొడిగా, దాన్ని తిప్పి తొడగాలని కూడా తెలీలేదు, మంచం మీద నుంచి మీ అమ్మ నవ్వు ఆపుకోలేక కుట్లు లాగుతున్నాయని తిట్టింది. ఇప్పుడు నేర్చుకున్న పని లాక్కుంటానంటే ఎట్లా? ఈ ఇంట్లో నేను లేటుగా చేరిన ఉద్యోగిని, అప్పుడే రిటైర్ చెయ్యకు.

సరే, అసలు విషయానికొస్తా. స్టూల్ గొడవ తర్వాత నేనూ మీ అమ్మా కూర్చుని పనులు పంచుకున్నాం, ఎవరెవరు ఏం చెయ్యాలని కాదు, ఏ పని మనది ఏ పని మనది కాదు అని. ఎత్తుకెళ్ళే పని ఏదైనా మాది కాదు, బల్బు మార్చడంతో సహా. నేల మీద నీళ్ళు నిలబడే పని, అంటే బాత్రూం కడగడం, బాల్కనీ పాకుడు గీకడం, మాది కాదు. నిండు బకెట్ మొయ్యడం, మంచం జరపడం, పరుపు తిరగెయ్యడం కూడా వదిలేశాం. దీనికి ఇప్పుడొచ్చే అమ్మాయినే వారంలో రెండు రోజులు ఇంకో గంట ఉండమని అడిగాం, జీతం పెంచుతాం అన్నాం, ఒప్పుకుంది. మిగతాదంతా మాదే. కానీ చేసే పద్ధతి మార్చాం. ఇదివరకు మీ అమ్మకి ఒకటే పూటలో ఇల్లంతా అద్దంలా చేసెయ్యాలి, సాయంత్రానికి మంచమెక్కేది. ఇప్పుడు రోజుకో గది. ఇరవై నిమిషాలు పని, తర్వాత కుర్చీ, టైమర్ నా ఫోన్లో మోగుతుంది. మోగినా ఆపదు, అది వేరే సంగతి. బట్టలు మడతపెట్టడం, ఏరడం, తరగడం అన్నీ కూర్చునే. వంటింట్లో రోజూ వాడే గిన్నెలన్నీ నడుం నుంచి భుజం దాకా ఉన్న అరల్లోకి దించేశాం, వంగక్కర్లేదు చాచక్కర్లేదు, ఇంత చిన్న పని ముప్పై ఏళ్ళ క్రితమే ఎందుకు చెయ్యలేదో నాకు తెలీట్లేదు.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి, ఏమనుకోకు. పోయినసారి వచ్చినప్పుడు రాత్రి అందరం పడుకున్నాక నువ్వు వంటింట్లో గట్టు, స్టౌ వెనకాల టైల్స్, డబ్బాల మూతలు సబ్బు పెట్టి తుడిచావ్ కదా. మాకు తెలీదనుకున్నావ్. మీ అమ్మ మంచినీళ్ళకని లేచి తలుపు దగ్గర నుంచి చూసి, లోపలికి రాకుండా వెనక్కొచ్చేసి పడుకుంది. దాహం వేసినా తాగలేదు. పొద్దున నాతో ఒకటే అడిగింది, "మనిల్లు అంత మురిగ్గా ఉందా?" అని. నాకేం చెప్పాలో తెలీలేదు, ఎందుకంటే నాకూ కనపడలేదు. తర్వాత చదివితే తెలిసింది, వయసు మీద పడేకొద్దీ కంటిలో లెన్స్ పసుపెక్కుతుంది, కంటిపాప కూడా చిన్నదవుతుంది, 20 ఏళ్ళ కంటి లోపలికి వెళ్ళే వెలుతురులో 60 ఏళ్ళ కంటికి మూడో వంతే వెళ్తుందంట. మీ అమ్మ తుడవక కాదమ్మా, ఆ జిడ్డు తన కంటికి లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గట్టు మీదకి తెల్లటి ఎల్ఈడీ లైటు ఒకటి పెట్టించా. స్విచ్ వెయ్యగానే మీ అమ్మ అమ్మో అని నోరు మీద చెయ్యేసుకుంది, ఆ రోజు ఇరవై నిమిషాల రూలు గాలికిపోయింది. ఇంకోసారి నీకేదైనా మురికి కనపడితే రాత్రిపూట దొంగలా తుడవకు, పగలే చెప్పు, కలిసి తుడుద్దాం.

నువ్వు పంపిన ఆ ఇల్లు ఊడ్చే గుండ్రటి రోబో గురించి కూడా చెప్పేస్తా. మంచి వస్తువే, కాదనను. కానీ అది రోజూ మంచం కిందకి వెళ్ళి చివరి మూలలో ఇరుక్కుని కుయ్యోమంటుంది, నేను నేల మీద బోర్లా పడుకుని కర్రతో లాగాలి, నన్ను వంగొద్దన్న కూతురే ఇది పంపిందని నవ్వుకున్నా. ఇప్పుడు మంచం చుట్టూ అట్టపెట్టెలు అడ్డం పెట్టి హాల్లో మాత్రమే తిప్పుతున్నాం. దానికంటే పనికొచ్చింది పొడుగు కర్ర మాప్, పెడల్ తొక్కితే పిండుకునే బకెట్‌తో వచ్చింది చూడు అది, నడుం వంచకుండా తుడవడం ఎంత హాయో. హాల్లో కాళ్ళకి అడ్డం పడే చిన్న కార్పెట్ తీసేశాం, బాత్రూంలో గోడకి పట్టుకునే రాడ్ బిగించారు. టవల్ రాడ్ కాదు, మనిషి బరువు ఆపేది వేరే ఉంటుంది. మీ అమ్మ దాని మీదే టవల్ ఆరేస్తుంది.

ఇంకోటి, ఇది నువ్వు కూడా గుర్తుపెట్టుకో, నీకు వయసుతో సంబంధం లేదు. మీ అమ్మకి ఆపరేషనయిన కొత్తలో బాత్రూం తెల్లగా రావాలని నేను యాసిడ్ క్లీనర్ పోసి, అది సరిపోలేదని దాని మీదే బ్లీచ్ కూడా పోశా. రెండూ కలిసి ఒక్కసారి ఘాటు కొట్టింది, కళ్ళు మండిపోయి దగ్గుకుంటూ బయటపడి తలుపేసి గంటసేపు ఎవ్వర్నీ వెళ్ళనివ్వలేదు. అవి కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, బ్లీచ్‌లో అమోనియా ఉన్నది కలిపినా విషమే. నీకు ఇదెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రెండు సీసాలూ ఒకే ఇంట్లో ఉంచుకోవట్లేదు.

ఇక మాకొక్కళ్ళకే కాదు, ఇంటికి కూడా వయసొచ్చింది. అది కూడా మాలాగే ముందు చిన్నగా మూలుగుతుంది, అప్పుడు పట్టించుకుంటే సరిపోతుంది. వెనకాల కుళాయి సెకనుకో చుక్క కారుతుంటే చుక్కే కదా అని వదిలేశా, ఒక రాత్రి బకెట్ పెట్టి చూస్తే తెల్లారేసరికి దాదాపు సగం నిండింది. లోపల వాషర్ అరిగిపోయింది అంతే, పది నిమిషాల పని, వాషర్ మార్చిన ప్లంబర్ నవ్విపోయాడు. స్విచ్‌బోర్డు డబ్బాలో షాక్ కొట్టకుండా కాపాడే స్విచ్ ఒకటుంటుంది, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా టక్కుమని పడిపోవాలి, దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూస్తున్నా. పడకపోతే అది పాడైనట్టే. గ్యాస్ ట్యూబ్ మీద రాసున్న తేదీ చూశా, దాటిపోయి ఎంతకాలమైందో చెప్తే మళ్ళీ అరుస్తావ్, మార్పించేశాలే.

ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాస్తున్నా. ఏ రిపేరు ఎప్పుడు చేయించాం, ఎవరొచ్చారు, వాళ్ళ నంబరు, నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుంది, దాన్ని ఎటు తిప్పితే కట్టేసినట్టు, ఏ స్విచ్ ఏ గదిది. ఫ్రిజ్ మీద ఉంటుంది. ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు, ఆ మాట ఇక్కడ రాయను.

నిన్ను అడిగేది ఒక్కటే. అటక. అక్కడికి నేనింక ఎక్కను, కాబట్టి అది ఇంక నీదే. నీ స్కూలు పుస్తకాలు, జిప్పు పోయిన మూడు సూట్‌కేసులు, పనికొస్తుందని నేను దాచిన విరిగిన ఫ్యాన్, ఇంకా ఏమున్నాయో దేవుడికెరుక. ఒక నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రా. నువ్వు ఒక్కోటీ కిందకి అందించు, మీ అమ్మ కుర్చీలో కూర్చుని ఉంచాలా పారెయ్యాలా చెప్తుంది, నేను సంచుల్లో వేస్తా. ఒక్క షరతు, తను ఉంచమంటే ఉంచాల్సిందే, విసుక్కోకూడదు, పాత సామాను బయట పెడుతుంటే తను ఏడ్చినా ఏడుస్తుంది. నా ఫ్యాన్ మాత్రం నన్నడక్కుండా పారేసినా ఏం అనను.

నీ దగ్గరికి వచ్చి ఉండే సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడదాం. రానని కాదు. ఈ మోకాలితో మీ అమ్మ మెట్లెక్కలేని రోజొస్తే నువ్వు అడక్కుండానే సర్దుకుంటాం. ఇప్పటికైతే ఎక్కుతోంది, పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి, ఎవరైనా చూస్తే చెంగు సర్దుకున్నట్టు నటించి.

ఉంటా మరి, వాషింగ్ మెషీన్ ఇందాకటి నుంచి బీప్ బీప్ అంటోంది, బట్టలు ఆరెయ్యాలి. పై తీగ మీద కాదులే, కింద స్టాండ్ మీదే.

నాన్న