భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి: హిమాలయాల్లో మాగ్నెటోమీటర్లు జంటగా పెట్టించండి సార్

కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది, హైదరాబాద్ దాకా తెలిసింది. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ మళ్ళీ పెద్దది రాబోతోందంటూ వాట్సాప్ నిండా మెసేజ్‌లే. భయపడి ఫార్వర్డ్ చేసే జనాన్ని నేను తప్పుపట్టను. కానీ భూకంపానికి ముందు నిజంగా ఏదైనా సంకేతం వస్తుందా రాదా తేల్చాల్సింది ప్రభుత్వమే కదా, అందుకే ఈ లేఖ.

1989 అక్టోబర్ 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం, 6.9. దానికి 7 కిలోమీటర్ల దూరంలో కొరాలిటోస్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ మాగ్నెటోమీటర్, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో మార్పుల్ని కొలిచే మీటర్, ఒకటి అప్పుడు నడుస్తోంది. దాదాపు రెండు వారాల ముందు నుంచే 0.01 హెర్ట్జ్ దగ్గర, అంటే దాదాపు వంద సెకన్లకోసారి ఊగే, సిగ్నల్ పెరిగింది, సుమారు మూడు గంటల ముందైతే ఒక్కసారిగా ఎగిసింది. ఒత్తిడికి రాళ్ళ అయస్కాంత గుణం మారుతుంది, పగుళ్ళలోంచి నీళ్ళు తోసుకుపోతే కరెంటు పుడుతుంది, కాబట్టి అది గాల్లో మాట కాదు, చాలామంది ఆశపడ్డారు. 2009లో అదే రికార్డు మళ్ళీ తిరగేసిన శాస్త్రవేత్తలు ఇది సెన్సర్ లోపమే అయ్యుండొచ్చన్నారు. 2004లో అదే కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 6.0 వచ్చినప్పుడు పరికరాలన్నీ సిద్ధంగా ఉన్నా నమ్మదగ్గ మార్పేదీ కనబడలేదు.

నాకు బాధేసేది ఏంటంటే కొరాలిటోస్‌లో పక్కనే అలాంటి మీటర్ ఇంకోటి ఉండుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా సెన్సర్ గురించి వాదించుకునే పనే లేదు, రెండిట్లోనూ ఎగిస్తే మిషన్ తప్పు కాదు, ఒక్కదాంట్లోనే ఎగిస్తే మిషన్‌ని అనుమానించాలి, అంతే.

మనకి ఉత్తరాఖండ్‌లోని ఘుత్తులో వాడియా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ అబ్జర్వేటరీ 2007 నుంచి ఉంది, మాగ్నెటోమీటర్లతో పాటు నేలలోంచి వచ్చే రేడాన్ వాయువుని కూడా కొలుస్తారు. మంచి పనే. అలాంటివి హిమాలయాల పొడవునా కావాలి, ప్రతిచోటా మీటర్లు జంటగా, కొంచెం ఎడంగా. ఎందుకంటే వెతికేది ఒకటి రెండు నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న యూనిట్) మార్పు, మన దగ్గర భూమి క్షేత్రమే 40 వేలకి పైన, అది మామూలు రోజుల్లోనే ఎండ ఎక్కేకొద్దీ పదుల్లో మారుతుంది, 2024 మేలో వచ్చినలాంటి సౌర తుఫాను పడితే వందల్లో. అందుకని చౌటుప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), మహారాష్ట్రలోని అలీబాగ్ లాంటి దూరపు అబ్జర్వేటరీల రికార్డుతో పోల్చి ఆకాశం నుంచి వచ్చిందంతా తీసేస్తేనే మిగిలింది భూమిదో కాదో చూడగలం.

ఇంకోటి సార్, ఎంత పెరిగితే హెచ్చరిక అన్న రూల్ ముందే రాసి పబ్లిక్‌గా పెట్టించండి. భూకంపం వచ్చాక పాత గ్రాఫ్ తీసి ఇదిగో గీత అని చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఎన్నిసార్లు మోగి ఏమీ రాలేదు, ఎన్నిసార్లు మోగకుండా వచ్చింది, అవీ అందరికీ కనబడాలి. చివరికి సంకేతం లేదనే తేలితే అదీ పనికొచ్చే జవాబే.

అయితే దీనికోసం ఇళ్ళ భద్రతకి ఇచ్చే డబ్బులు మాత్రం కొయ్యొద్దు, దండం పెట్టి అడుగుతున్నా. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారకముందే మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2 మాత్రమే, మట్టితో పేర్చిన రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడి దాదాపు పది వేల మంది పోయారు. సంకేతం దొరికినా దొరక్కపోయినా ఆ గోడలు గట్టిపడాల్సిందే.

ముందుగా ఘుత్తు రికార్డులు 2007 నుంచి సెకను సెకనుకీ ఎన్ని ఉంటే అన్నీ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టించండి. దీనికి కొత్త మీటర్లు కొనక్కర్లేదు, మీరు ఆర్డర్ ఇస్తే చాలు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పౌరుడు