మన మిద్దె తోట సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఆర్కిడ్ల కబుర్లే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో వంగ నారు, టమాటా నారు ఎంతమందికి పంచాం, కంపోస్టు డ్రమ్ములు ఎన్ని తెప్పించాం అని రాస్తూ ఉంటాం. అవన్నీ ఈసారీ జరిగాయి. జమా ఖర్చుల కాగితం మెట్ల దగ్గర నోటీసు బోర్డుకి అతికించాం, చూసి సందేహం ఉంటే అడగండి. ఇక్కడ మాత్రం ఆర్కిడ్ల గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది అందరం కలిసి తెప్పించుకున్న మొక్కల్లో కొన్ని పోయాయి, పోయినవాటిలో ఎక్కువ భాగం పురుగు పట్టో ఎండ తగిలో కాదు, మనం నీళ్లు పోసి పోసి పోగొట్టుకున్నవే. ఆ సంగతి విప్పి చెప్పుకుంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్ల మొక్కలైనా బతుకుతాయి.

ముందు నాదే చెప్తాను. తెల్ల పూల ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ ఒకటి పింగాణీ కుండీతో సహా కొని హాల్లో పెట్టాను. కుండీ అడుగున బెజ్జం లేదని చూసుకోలేదు. పొద్దున్నే తులసికి పోసేటప్పుడు దానికీ ఓ గ్లాసు నీళ్లు పోసేదాన్ని. పూలు నెలన్నర బాగానే నిలిచాయి, తర్వాత ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమో అనుకుని ఇంకా పోశాను. ఒకరోజు మూడో అంతస్తు మాస్టారు వచ్చి, "ఏదమ్మా, ఒకసారి పైకి తీసి చూద్దాం" అని మొక్కని కుండీలోంచి ఎత్తారు. వేళ్లన్నీ గోధుమ రంగులో మెత్తబడి ఉన్నాయి, ఒక వేరుని రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొడుగు జారిపోయి లోపలి సన్నటి దారం ఒక్కటే చేతికొచ్చింది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, అందుకే కింద నీళ్లు నిలిచి ఉన్నా పైన ఆకు వాడిపోయింది.

మనం ఇళ్లలో పెంచే ఆర్కిడ్లలో చాలావరకు అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగే జాతులవే. వేరు చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది, వాన పడగానే గబుక్కున నీళ్లు పీల్చుకుని, గాలికి కొద్ది గంటల్లో ఆరిపోతుంది. ఆరినప్పుడు వెండి రంగు, తడిసినప్పుడు ఆకుపచ్చ. ఈ రెండు రంగులూ గుర్తుపెట్టుకుంటే నీళ్లు ఎప్పుడు పోయాలో ఎవరినీ అడగక్కర్లేదు. వేళ్లు వెండి రంగుకి వచ్చాక పోయండి, పచ్చగా ఉన్నంతసేపూ వదిలేయండి.

ఆగస్టులో కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వెళ్లాం కదా, ఆ ప్రయాణంలో బాగా ఉపయోగపడింది అక్కడ చూసిన ఈ సంగతే. దారి పక్క ఒక ముసలి మామిడి చెట్టు మొదలంతా ఆర్కిడ్ వేళ్లు తాళ్లలా అల్లుకుని కనిపించాయి. "బదనికలాగా చెట్టు రసం తాగేస్తుందా?" అని ఒకరు అడిగారు. తాగదు. బదనిక చెట్టులోకి వేరు దింపి తాగుతుంది, ఆర్కిడ్ ఊరికే చెట్టుని పట్టుకుని ఉంటుంది, దాని తిండి వాన నీళ్లూ బెరడు మీద చేరే చెత్తా చెదారమే. ఒక మొక్క పీకి తెచ్చుకుందామని ఇద్దరు ముచ్చటపడ్డారు, వద్దని ఆపాం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కింద ఉంది, రిజర్వు అడవిలోంచి మొక్క తేవడం నేరం, పైగా అలా పీకిన మొక్క సాధారణంగా మన మిద్దె మీద బతకదు. ఈ విషయంలో మన సంఘం మెత్తబడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక ఏది కొనాలి. విశాఖలో మొదటి మొక్క డెండ్రోబియమే కావాలి, అందులోనూ పెళ్లి మండపాల్లో, బొకేల్లో కనిపించే ఊదా తెలుపు పూల రకం, సోనియా అంటారు. మన ఉక్కపోత దానికి ఇష్టం, పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే చాలు, గుత్తి విచ్చాక వారాల తరబడి నిలుస్తుంది. డెండ్రోబియం పేరుతోనే నోబిలె అనే ఇంకో రకం కూడా అమ్ముతారు, అది సిక్కిం రాష్ట్ర పుష్పం, దానికి చలికాలం గట్టిగా ఉండాలి, ఇక్కడ ఆకులు వేస్తుంది కానీ పూయడం కష్టం. సింబిడియం అనే ఇంకో ఆర్కిడ్ కూడా అంతే. మనం డెండ్రోబియం అడిగితే ఒక నర్సరీవాళ్లు సగం పెట్టె సింబిడియం పంపారు, ఫోటోలో పూలు చూసి మనమూ తీసేసుకున్నాం. అవి ఇప్పటికీ గడ్డి దుబ్బుల్లా ఉన్నాయి, ఒక్క మొగ్గ లేదు. రెండో మొక్కగా ఫెలనాప్సిస్ తెచ్చుకోవచ్చు, దానికి నేరుగా ఎండ వద్దు, తూర్పు కిటికీ పక్కన బాగుంటుంది, చలికాలం రాత్రులు చల్లబడ్డాక పూల కాడ వేస్తుంది. వాండా అనే ఆర్కిడ్‌కి వేళ్లు గాలిలో వేలాడాలి, ఎండాకాలం రోజుకి రెండుసార్లు తడపాలి, అంత తీరిక ఉంటేనే కొనండి.

కొనేటప్పుడు మోసపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, ముదురు నీలం ఫెలనాప్సిస్. కాడలోకి రంగు ఎక్కించి అమ్ముతారు, మళ్లీ పూసినప్పుడు తెల్లగానే పూస్తుంది. రెండోది ఆర్కిడ్ విత్తనాల పాకెట్లు, దయచేసి ఎవరూ కొనకండి. ఆర్కిడ్ విత్తనం ధూళి లాంటిది, అందులో మొలకకి కావలసిన తిండి ఉండదు, అడవిలో అయితే ఒక రకం శిలీంధ్రం తోడుండాలి, లేదంటే ల్యాబులో సీసాలో మొలిపించాలి. పాకెట్‌లో ఉన్నది ఏదైనా సరే, మట్టిలో చల్లితే ఆర్కిడ్ రాదు. చిన్న పిల్ల మొక్క చవగ్గా వస్తుంది కానీ పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కాబట్టి మొదటిసారి పూతకొచ్చిన మొక్కే తీసుకోండి.

జూన్‌లో కుండీలు మార్చిన ఆదివారం అందరం మిద్దె మీదే ఉన్నాం. ఇస్త్రీ బండి అతని దగ్గర పెద్ద బొగ్గులు అడిగి తెచ్చాం, ఇటుక ముక్కలు కింద వర్కు జరుగుతున్న ఇంటి దగ్గర దొరికాయి, ముదురు కొబ్బరి డొక్కలు కొట్టి ముక్కలు చేసి, నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టాం. డొక్కలోని ఉప్పూ వగరూ పోవాలి, తొందరపడి నానబెట్టకుండా వాడినవాళ్ల మొక్కల వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. మట్టి చారెడు కూడా వద్దు. చుట్టూ బెజ్జాలున్న చిన్న మట్టి కుండీ చాలు, పెద్దదైతే మధ్యలో తడి ఆరదు. డెండ్రోబియం పాత కాడలు ఆకులు రాలి ఎండినట్టు కనిపించినా కోయకండి, కొత్త పిలకకి తిండి వాటిలోంచే వెళ్తుంది, కొన్నిసార్లు పూలూ వాటికే వస్తాయి. నాలుగో అంతస్తు పిన్నిగారు శుభ్రం చేస్తున్నాననుకుని అన్నీ కోసేశారు, పాపం ఆ మొక్క ఈ ఏడాదంతా కోలుకుంటూనే ఉంది.

నీళ్లు పొద్దున్నే పోయాలి, రాత్రికి ఆకుల మధ్య తడి ఉండకూడదు. ఫెలనాప్సిస్ నడిమొవ్వలో నీళ్లు నిలిస్తే మొవ్వ కుళ్లుతుంది, దూదితో అద్దేయండి. బీచ్ వైపు ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుండీ అంచుకి తెల్లటి పొర కడుతుంది, అలాంటివాళ్లు కుళాయి నీళ్లో పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు అసలు వద్దు. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది), పావు చెంచా రెండు లీటర్ల నీళ్లలో, వారానికోసారి, అంతకంటే ఎక్కువ వేస్తే పూలు ఎక్కువ రావు, వేళ్లు మాడతాయి. పడమటి బాల్కనీకి 50 శాతం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టుకోండి. ఆకు ముదురు పచ్చగా ఉండి పూలు రాకపోతే వెలుతురు చాలట్లేదని అర్థం. సముద్రపు గాలి నేరుగా కొట్టే ఇళ్లలో, నల్ల దుమ్ము పడే పాతూరి ఇళ్లలో ఆకులని వారానికోసారి మంచినీళ్లతో తుడవాలి.

ఇంకో మాట, అక్టోబరు నవంబరుల్లో తుఫాను కబురు వినగానే వేలాడే కుండీలన్నీ లోపలికి తెచ్చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మన మిద్దె మీద ఏం మిగిలిందో పాతవాళ్లందరికీ గుర్తుంది.

మాస్టారి డెండ్రోబియం కాడల మీద ఇప్పుడు ఆరు పిల్ల మొక్కలున్నాయి. వాటి వేళ్లు రెండు అంగుళాలు దాటాక, బహుశా జూన్ మొదటి వారంలో, విడదీసి ఇంతవరకు ఆర్కిడ్ పెంచని ఇళ్లకే ఇవ్వాలని కమిటీలో అనుకున్నాం. కావలసినవాళ్లు వాచ్‌మన్ గది దగ్గరున్న నోట్‌బుక్కులో ఫ్లాట్ నంబరు రాయండి. బెజ్జాల కుండీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, బొగ్గూ నానబెట్టిన డొక్కలూ మేం సిద్ధంగా ఉంచుతాం.