ఇంటి వంట దండగ అన్న లెక్క తప్పు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో, ఇంట్లో వండుకుంటే మిగిలేదేమీ లేదని తేల్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. పది రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి రాసేస్తున్నాను.

ఆ లెక్క అందరూ చదివే ఉంటారు. వంటకు పట్టే గంటకు జీతం కట్టి, దాన్ని సరుకుల ఖర్చుకు కలిపి, బయటి నుంచి తెప్పించుకోవడమే చవక అన్నారు. రాత్రి ఏడింటికి నేను పొయ్యి వెలిగించకపోతే ఆ గంటకు నాకు జీతం ఎవరిస్తారండీ? నెల జీతం మీద బతికే ఏ ఇంట్లోనైనా ఆ గంటకు ఎవరూ డబ్బులు ఇవ్వరు. ఏం తెప్పించుకోవాలా అని ఫోన్ చూస్తూ గడిపే సమయాన్ని, తలుపు దగ్గర ఎదురుచూపుని మాత్రం ఆ వ్యాసం లెక్కలోకే తీసుకోలేదు.

పెరుగే తీసుకోండి. పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లారనిచ్చి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టాలి. మన చేతి పని ఐదు నిమిషాలు. తర్వాత ఆరేడు గంటల పని బ్యాక్టీరియా చేసుకుంటుంది, మనం హాయిగా నిద్రపోతాం. లీటరు పాలకు దాదాపు లీటరు పెరుగు వస్తుంది. అదే డబ్బాలో కొంటే పాలతో పాటు ప్లాస్టిక్‌కి, చల్లటి వ్యానుకి, ప్రకటనకి కూడా మనమే కడుతున్నాం. ఎండు బీన్స్ అయినా అంతే. రాత్రి నానబోస్తే తెల్లారేసరికి దాదాపు రెండింతలు బరువు తూగుతాయి, గ్యాస్ కూడా కలిసొస్తుంది. ఉడికించి డబ్బాలో పెట్టి అమ్మేదాంట్లో ఆ బరువు చాలావరకు నీళ్లదే.

ఇంటి ఖర్చు నోటుబుక్కులో రాసుకోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. నెలకు ఒక పేజీ తిండికి. మోకాలి నొప్పితో నేను రెండు వారాలు వంటింట్లోకి వెళ్లలేని నెలలో ఆ పేజీ పదిహేనో తేదీకే నిండిపోయింది. మిగతా నెలల్లో ఆఖరి రోజుకి కూడా కింద మూడు నాలుగు గీతలు ఖాళీగా ఉంటాయి.

ఇక బయట సరుకు కొనడమే ఒక టెన్షన్ అయిపోయింది. మొన్న పాత సీసా, కొత్త సీసా పక్కపక్కన పెట్టి చూశాను. ఎత్తు అదే, ధర అదే. అడుగు మాత్రం లోపలికి ఉబ్బి ఉంది. 500 గ్రాములు ఉండేది 450 అయింది. ఆ అంకె చదవడానికి కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. కిలోకి ఎంత పడుతుందో ధర పక్కనే పెద్దక్షరాల్లో రాయించడం అధికారులకు అంత కష్టమైన పనా? తేదీల సంగతీ అంతే. 'బెస్ట్ బిఫోర్' నాణ్యత గురించి, 'యూజ్ బై' భద్రత గురించి అని 2018లో సవరించిన కోడెక్స్ (ఆహార ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) లేబుల్ ప్రమాణం తేడా చెప్పింది. ఆ ముక్క జనానికి విడమరిచి చెప్పేవారేరీ? మంచి సరుకు చెత్తబుట్టలో పడుతోంది. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్ల నుంచే అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా వేసింది.

పొదుపు మీద సభలకు మాత్రం లోటు లేదు. 1924లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన పొదుపు బ్యాంకుల మహాసభ నుంచి అక్టోబరు 31 ప్రపంచ పొదుపు దినం. అలాంటి ఒక సభకు నేనూ వెళ్లాను. రెండు గంటలూ డిపాజిట్ల గురించే మాట్లాడారు. మధ్యాహ్నం అట్టపెట్టెల్లో భోజనం, ఒక్కొక్కరికి ఒక నీళ్ల సీసా. సగం పెట్టెలు పూర్తిగా తినకుండానే పారేశారు. ఖర్చు కాకుండా ఆపుకున్న డబ్బు కూడా పొదుపేనని వేదిక మీద ఒక్కరూ అనలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంట్లో నిల్వ పెట్టుకున్నవి ప్రమాదం అని కూడా మీ వ్యాసంలో భయపెట్టారు. అందులో కొంత నిజముంది, కాదనను. పులుపు లేని కూరగాయల్ని మామూలుగా ఉడకబెట్టి సీసాలో గాలి చొరకుండా బిగిస్తే ప్రాణం మీదికి రావచ్చు. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషజబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీలకు చావవు. ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా వేడెక్కాలి. మరి అందుకు ఇంట్లో చేసుకోవడం మానేయమనాలా, చేసే పద్ధతి నేర్పాలా? ఏది ఎండబెట్టాలి, ఏది ఉప్పులో వేయాలి, ఏది ఫ్రీజర్‌లో పెట్టాలి అన్నది బడిలో నేర్పితే సరిపోయేది. డిగ్రీ పూర్తయిన పిల్లలకు కత్తి పట్టుకోవడం రావడం లేదు, చొక్కాకి గుండీ కుట్టుకోవడం రావడం లేదు. తప్పు పిల్లలది కాదు. పాఠాల్లోంచి చేతిపని తీసేసిన పెద్దలది.

మీ పత్రికను నమ్మి చదివే కొత్త సంసారాలు చాలా ఉన్నాయి. ఆ వ్యాసం చదివి పొయ్యి ఆర్పేసినవారు ఎందరో అన్నదే నా బాధ. కాబట్టి ఆ లెక్కను ఇంకోసారి, ఊహించిన జీతాలతో కాకుండా, నిజంగా ఖర్చు రాసుకునే నాలుగు ఇళ్ల పుస్తకాలు చూసి వేయించండి. నా నోటుబుక్కు పన్నెండు పేజీలు జిరాక్స్ తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మోకాలి నొప్పి నెల కూడా అందులో ఉంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు